తాతకు ఉన్న బీమా మనవడికి ఏది?

ఇంట్లో పసిబిడ్డ ఉన్న తల్లిదండ్రులు ఆరోగ్య బీమా ఏజెంట్లను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: ‘పిల్లాడి ఒక్కడి పేరు మీద పాలసీ వస్తుందా?’ ఎక్కువగా వినిపించే జవాబు ‘రాదండీ, మీతో కలిపి తీసుకోండి’ అని. కలిపి తీసుకుందామంటే చాలా పాలసీల్లో బిడ్డకు 91 రోజులు నిండాలి. నిండేదాకా ఆగుదామంటే, ఈలోగా ఏదైనా జబ్బు బయటపడితే అది ‘ముందు నుంచీ ఉన్నది’గా కాగితాల్లోకి ఎక్కుతుంది. ఉద్యోగం మారినవారు అడిగినా, గల్ఫ్‌కు వెళ్తూ పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలినవారు అడిగినా, గుండెలో రంధ్రంతో పుట్టిన బిడ్డ తల్లిదండ్రులు అడిగినా కథ తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది. మన దేశంలో పిల్లల ఆరోగ్య బీమా వాళ్ల సొంత హక్కు కాదు. నాన్న ఉద్యోగానికో, ఇంటి రేషన్ కార్డుకో, అమ్మానాన్నల పాలసీకో తగిలించిన తోక.

2024 అక్టోబరు 29న కేంద్రం 70 ఏళ్లు, ఆపైబడిన వారందరికీ ఆయుష్మాన్ భారత్ పథకాన్ని వర్తింపజేసింది. ఆదాయం ఎంతని అడగరు, పాత జబ్బులేమిటని అడగరు. ఆధార్‌లో వయసు సరిపోతే ఆ కుటుంబంలోని వృద్ధులకు ఏడాదికి రూ.5 లక్షల వరకు వైద్యం. మంచి నిర్ణయమే. ఆ వయసులో ప్రైవేటు కంపెనీలు అడిగే ప్రీమియం పింఛనుదారు మోయగలిగేది కాదు. కానీ అదే ఇంట్లో అదే నెలలో పుట్టిన మనవరాలికి ఆ వెసులుబాటు లేదు. తండ్రి ఆదాయమెంత, కార్డు ఉందా, ఉద్యోగం నిలిచిందా ఊడిందా అన్న లెక్కలు తేలాకే ఆమె వైద్యం సంగతి. వయసొక్కటే చూసి బీమా ఇవ్వడం సాధ్యమేనని ప్రభుత్వమే చేసి చూపించింది. జీవితం ఆ కొసన చేసిన పనిని ఈ కొసన ఎందుకు చేయలేదన్నది అడగాల్సిన ప్రశ్న. ఓటు హక్కుకు, దీనికి సంబంధం లేదని నమ్మాలనే ఉంది.

బయట నిలబెట్టిన 90 రోజులు

పసికందుల విషయంలో అసలు ప్రమాదం ఎప్పుడుంటుందో గణాంకాలు స్పష్టంగానే చెబుతున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ప్రతి వెయ్యి సజీవ జననాల్లో 35 మంది ఏడాది నిండకుండానే చనిపోయేవారు. అందులో 25 మంది మొదటి 28 రోజుల్లోనే. నెలలు నిండకుండా పుట్టడం, పుట్టగానే ఊపిరి అందకపోవడం, ఇన్ఫెక్షన్లు, పుట్టుకతో వచ్చిన లోపాలు ఇందుకు ప్రధాన కారణాలు. అంటే బిడ్డకు వైద్యం అత్యవసరమయ్యేదీ, ఇంక్యుబేటర్ బిల్లు రోజుల లెక్కన పెరిగేదీ సరిగ్గా బీమా కంపెనీ గడప బయట నిలబెట్టిన ఆ 90 రోజుల్లోనే. బారసాల అవుతుంది, మూడో నెల వస్తుంది, బిడ్డ బోర్లా పడే ప్రయత్నాలు చేస్తుంది... అప్పటికిగానీ బీమా దృష్టిలో ఆ బిడ్డ ఒక మనిషి కాదు.

ప్రసూతి ఖర్చుతో పాటు శిశువుకు మొదటి రోజు నుంచే రక్షణ ఇస్తామనే పాలసీలు లేకపోలేదు. వాటిలో వెయిటింగ్ పీరియడ్ దగ్గర మెలిక ఉంటుంది. 9 నెలలకే వర్తించేవి కొన్ని ఉన్నా, రెండు నుంచి నాలుగేళ్లు ఆగాలనేవే ఎక్కువ. పెళ్లైన నెలలో పాలసీ కట్టిన జంటకు ఏడాదిన్నరకు బిడ్డ పుడితే, రెండేళ్ల నిబంధన ప్రకారం కాన్పూ లెక్కలోకి రాదు, బిడ్డా రాదు. గడువు దాటాక పుట్టినా, కొన్ని పాలసీలు శిశువు చికిత్సను ప్రసూతికి కేటాయించిన చిన్న మొత్తంలోనే సర్దుతాయి. సిజేరియన్‌కు పోగా మిగిలేదానితో నవజాత శిశువుల ఐసీయూ (ఎన్‌ఐసీయూ)లో ఎన్ని రోజులు గడుస్తాయో ఆసుపత్రి బిల్లు చూసిన వారెవరికైనా తెలుసు. ఇక తాతయ్య, అమ్మమ్మల దగ్గర పెరిగే పిల్లల సంగతి సరేసరి. చాలా పాలసీల్లో ‘కుటుంబం’ అంటే భార్యాభర్తలు, పిల్లలు, తల్లిదండ్రులు. మనవడికి అందులో చోటు లేదు. తల్లిదండ్రులు దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉండి, పిల్లలు జగిత్యాలలోనో రాజోలులోనో చదువుకుంటున్న ఇళ్లు ఎన్నో ఉన్న మన రాష్ట్రాల్లో ఇది చిన్న లోపమేమీ కాదు.

కంపెనీల వాదననూ కొట్టిపారేయలేం. బీమా అంటే రాబోయే ప్రమాదాన్ని నలుగురూ పంచుకోవడం. ఇల్లు అంటుకున్నాక పాలసీ అడిగితే ఎవరూ ఇవ్వరు. స్కానింగ్‌లో శిశువుకు లోపం కనిపించాక పాలసీ కట్టి, పుట్టగానే క్లెయిమ్ పెట్టేవారే ఎక్కువైతే ప్రీమియం పెరుగుతుంది. పెరిగితే ఆరోగ్యవంతులు తప్పుకొంటారు. అప్పుడు మరింత పెరుగుతుంది. ఈ లెక్క నిజమే. కాకపోతే ఇది ‘ఇష్టమున్నవారే కొనే’ బీమాకు వర్తించే లెక్క. పుట్టిన ప్రతి బిడ్డకూ దానంతటదే వర్తించే చోట, ఎంచుకోవడమన్నదే లేని చోట ఈ భయానికి తావుండదు. తొంభై రోజుల నిబంధన అసలు రోగాన్ని వదిలేసి లక్షణానికి మందు వేస్తోంది.

పుట్టుకతో వచ్చిన లోపాల దగ్గర చిక్కు మరింత ముదురుతుంది. పాలసీ పత్రాల్లో పుట్టుక లోపాలను రెండు రకాలుగా చీల్చారు. శరీరంలో బయటికి కనిపించేది ‘బాహ్య’ లోపం, కనిపించనిది ‘అంతర్గత’ లోపం. గుండెలో రంధ్రం అంతర్గతం కాబట్టి గడువు ముగిశాక చెల్లిస్తారు. పెదవి చీలి పుడితే, పాదం వంకర తిరిగి పుడితే అది బాహ్యం. చాలా పాలసీలు దానికి పైసా ఇవ్వవు. గ్రహణమొర్రితో పుట్టిన బిడ్డకు పాలు పీల్చడం కష్టం, తర్వాత మాట స్పష్టంగా రాకపోవచ్చు. పెదవికి శస్త్రచికిత్స సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల వయసులోనే చేస్తారు. అలాంటి దాన్ని ముఖానికి మెరుగులు దిద్దే వ్యవహారంలా చూడటం వైద్యశాస్త్రానికి అందే తర్కం కాదు. జన్యు సంబంధ వ్యాధులన్నిటినీ గుండుగుత్తగా మినహాయించడం రాజ్యాంగంలోని 14వ అధికరణానికి విరుద్ధమని ఢిల్లీ హైకోర్టు 2018లో తేల్చింది. ఆ తర్వాత భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ (ఐఆర్‌డీఏఐ) ఆ సాకుతో క్లెయిములు తిరస్కరించరాదని కంపెనీలను ఆదేశించింది. బాహ్య లోపాల గీత మాత్రం చెరగలేదు.

అదే సంస్థ 2024లో మరికొన్ని మంచి మార్పులు తెచ్చింది. పాత జబ్బుల వెయిటింగ్ పీరియడ్ గరిష్ఠంగా 48 నుంచి 36 నెలలకు దిగింది. ఐదేళ్లు వరుసగా ప్రీమియం కట్టిన వారి క్లెయిమును మోసం రుజువైతే తప్ప, వివరాలు దాచారన్న సాకుతో తోసిపుచ్చే వీల్లేదు. పిల్లలకు, గర్భిణులకు ప్రత్యేక పాలసీలు రూపొందించవచ్చనీ చెప్పింది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై 18 శాతం జీఎస్టీ కూడా పోయింది. ఇవన్నీ పెద్దలకు నిజమైన ఊరట. పసివాళ్ల దగ్గరే లెక్క తప్పుతోంది. అరిగిన మోకాలు మూడేళ్లు ఆగుతుంది. గుండెలో పెద్ద రంధ్రమున్న బిడ్డ ఆగలేడు. పుట్టుచెవుడు ఉన్న పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ ఎంత చిన్న వయసులో అమరిస్తే మాట అంత బాగా వస్తుంది. మూడేళ్లు గడిచాక క్లెయిమ్ ఇచ్చినా, పోయిన వయసును ఇవ్వలేరు కదా. పాలసీలు రూపొందించుకోండని అనుమతించడం వేరు, అడిగిన బిడ్డకు ఇచ్చి తీరాలనడం వేరు. ఈ రెండో మాట అనాల్సిన సంస్థ ప్రధాన కార్యాలయం మన హైదరాబాద్‌లోనే ఉంది.

ఆరోగ్యశ్రీ పుట్టిందే పిల్లల గుండె నుంచి

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీకి మూలం పసిపిల్లల గుండె ఆపరేషన్లే. ముఖ్యమంత్రి సహాయ నిధి కోసం సచివాలయం ముందు బారులుతీరిన తల్లిదండ్రుల దరఖాస్తులే ఆ పథకానికి ప్రేరణ. ఇవాళ తెలంగాణలో కుటుంబానికి రూ.10 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవగా మారిన పథకంలో రూ.25 లక్షల వరకు పరిమితి ఉంది. ఇందులో పాత జబ్బు, కొత్త జబ్బు అన్న తేడా లేదు, వెయిటింగ్ పీరియడూ లేదు. ప్రైవేటు పాలసీ డబ్బు తీసుకుని కూడా ఇవ్వలేనిది ప్రభుత్వ ట్రస్టు ఉచితంగా ఇస్తోంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తమ్మీద 41 శాతం కుటుంబాల్లోనే ఒక్కరికైనా ఆరోగ్య బీమా ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో అది దాదాపు 80 శాతం. ఆ తేడాలో పెద్ద వాటా ఆరోగ్యశ్రీదే.

అయినా సందులున్నాయి. నెలకు రూ.21 వేల జీతం దాటితే ఈఎస్ఐ వర్తించదు. 2017 జనవరిలో పెట్టిన పరిమితి అది. నిర్ణీత ఆదాయం దాటితే ఆరోగ్యశ్రీ కార్డు రాదు. ఆ పైనున్న చిన్న వ్యాపారి, ప్రైవేటు స్కూలు టీచరు, ఫుడ్ డెలివరీ చేసే కుర్రాడు, పీఎఫ్ కూడా లేని కంపెనీలో అకౌంటెంటు ఏ గొడుగు కిందికీ రారు. ఏ ఆర్థిక రక్షణా లేనివారు జనాభాలో కనీసం 30 శాతం, అంటే 40 కోట్ల మంది ఉంటారని నీతి ఆయోగ్ 2021లో లెక్కకట్టింది. ఇక కార్డున్న ఇళ్లలోనూ బిడ్డ పేరు చేర్పించడం వేరే ప్రహసనం. తెలంగాణలో ఏళ్ల తరబడి ఆరోగ్యశ్రీకి ఆధారమైన కొత్త రేషన్ కార్డుల ప్రక్రియ సరిగా కదలక, ఆ మధ్యకాలంలో పుట్టిన పిల్లల పేర్లు కార్డుల్లోకి ఎక్కడానికి 2025 దాకా ఎదురుచూడాల్సి వచ్చింది. ఆసుపత్రులకు ప్రభుత్వాలు పడిన బకాయిల సంగతి అందరికీ తెలిసిందే. 2025లో రెండు రాష్ట్రాల్లోనూ నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేశాయి. కార్డు జేబులో ఉన్నా ‘ఇప్పుడు తీసుకోవట్లేదు’ అని రిసెప్షన్‌లో అనిపించుకున్న తల్లికి, కార్డు లేని తల్లికి ఆ పూట తేడా ఏముంది?

బీమాతో సంబంధం లేని పథకాల గురించి చెప్పకపోతే అన్యాయమవుతుంది. జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో ఏడాదిలోపు శిశువు వైద్యం, మందులు, రవాణా అన్నీ ఉచితం. ఆదాయం అడగరు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టిన దగ్గర నుంచి 18 ఏళ్ల వరకు అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో పిల్లలను పరీక్షించి లోపాలు గుర్తిస్తుంది. కేరళ దీని మీద ఆధారపడే 2017లో ‘హృద్యం’ నిర్మించింది. గుండె లోపమున్న ప్రతి బిడ్డనూ ఆన్‌లైన్‌లో నమోదు చేసి, తీవ్రతను బట్టి వరుస నిర్ణయించి, ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రుల్లో ఆపరేషన్ చేయిస్తుంది. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం (తితిదే) 2021లో ప్రారంభించిన శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం లాంటి సంస్థ ఉన్న మనకు అలాంటి వరుసను రాష్ట్రవ్యాప్తంగా నడపడం అసాధ్యమేమీ కాదు.

ఇతర దేశాలు ఏం చేశాయి?

అమెరికా పేరెత్తగానే వైద్య ఖర్చుల భయమే గుర్తొస్తుంది. అయితే అందరికీ బీమా ఇవ్వలేకపోయిన ఆ దేశం కూడా పిల్లల దగ్గర రాజీపడింది. క్లింటన్ సార్వత్రిక ఆరోగ్య ప్రణాళిక 1994లో కుప్పకూలాక, రెండు పార్టీలూ కలిసి 1997లో పిల్లల ఆరోగ్య బీమా కార్యక్రమం (చిప్) తెచ్చాయి. పేదలకిచ్చే మెడికెయిడ్‌కు ఆదాయం ఎక్కువై, ప్రైవేటు బీమా కొనే స్తోమత లేని మధ్యతరగతి ఇళ్ల పిల్లలే దాని లక్ష్యం. మన ‘మధ్యలో మిగిలిపోయిన’ వర్గమే అది. అప్పట్లో 14 శాతం దాకా ఉన్న బీమా లేని పిల్లల వాటా 2016 నాటికి 5 శాతం లోపుకు దిగింది. మెడికెయిడ్ ఉన్న తల్లికి పుట్టిన బిడ్డకు ఏడాదిపాటు దరఖాస్తు లేకుండానే బీమా ఉంటుంది. మనం నేర్చుకోవాల్సిన చేదు పాఠమూ అక్కడే ఉంది. జబ్బున్న పిల్లలను నిరాకరించరాదని 2010 సెప్టెంబరులో ఒబామా చట్టం అమల్లోకి రాగానే, పెద్ద కంపెనీలు కొన్ని పిల్లలకు విడిగా పాలసీలు అమ్మడమే మానేశాయి. అలా మానేసిన కంపెనీని ఐదేళ్లపాటు వ్యక్తిగత పాలసీల మార్కెట్ నుంచే దూరం పెడతామని కాలిఫోర్నియా చట్టం చేశాక కానీ దారికి రాలేదు. నిబంధన పెట్టి, తప్పించుకునే దారి మూయకపోతే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ ఇది. కాగితాల బెడదా తక్కువేం కాదు. కొవిడ్ కాలపు రక్షణ 2023లో ఎత్తేశాక లక్షల మంది పిల్లలు మెడికెయిడ్ జాబితా నుంచి జారిపోయారు. వారిలో చాలామంది అర్హత పోయి కాదు, పునరుద్ధరణ పత్రాలు సకాలంలో అందకే. 2024 జనవరి నుంచి ఒకసారి చేరిన బిడ్డకు 12 నెలలు కదపరాదన్న నియమం అన్ని రాష్ట్రాలకూ తప్పనిసరైంది. అక్కడి హెచ్1బీ తెలుగు కుటుంబాలకు మాత్రం బీమా అంటే ఇప్పటికీ ఉద్యోగమే. లేఆఫ్ ఉత్తరం వచ్చిన రోజున వీసా గడువుతో పాటు పిల్లల డాక్టరు అపాయింట్‌మెంట్లూ లెక్కపెట్టుకోవాల్సిందే.

జర్మనీ పద్ధతి మనకు ఇంకా దగ్గర. చట్టబద్ధ బీమాలో ఉన్న తల్లిదండ్రుల పిల్లలకు అదనపు ప్రీమియం లేకుండానే రక్షణ ఉంటుంది, చదువుకుంటుంటే 25 ఏళ్ల వరకు. అంతకంటే ఆసక్తికరం ప్రైవేటు కంపెనీలపై పెట్టిన నియమం. తల్లి గానీ తండ్రి గానీ కనీసం మూడు నెలలుగా ఆ కంపెనీలో ఉంటే, పుట్టిన రెండు నెలల్లోగా అడిగితే బిడ్డను పుట్టిన రోజు నుంచే చేర్చుకోవాలి. అదనపు రుసుము లేదు, వెయిటింగ్ లేదు, ఏ లోపంతో పుట్టిందన్న ఆరా లేదు. మూడు నెలల గడువు తల్లిదండ్రులకే పెట్టారు. మనం దాన్ని తీసుకెళ్లి బిడ్డ నెత్తిన పెట్టాం. స్విట్జర్లాండ్‌లోనూ మూడు నెలల్లోగా చేర్పిస్తే రక్షణ పుట్టిన రోజుకు వెనక్కి వెళ్లి వర్తిస్తుంది.

ఇవన్నీ డబ్బున్న దేశాలు కదా అనవచ్చు. వియత్నాంలో ఆరేళ్లలోపు పిల్లలందరికీ 2009 నుంచి ప్రభుత్వమే ప్రీమియం కట్టి బీమా కార్డు ఇస్తోంది. ‘30 భాట్’ పథకంతో 2002 నాటికి అందరికీ వైద్యం అందించిన థాయిలాండ్ కూడా అంతకు పదేళ్ల ముందు నుంచే వృద్ధులను, 12 ఏళ్లలోపు పిల్లలను ముందుగా ఉచిత పరిధిలోకి తెచ్చి, ఆ తర్వాతే మిగతావారి వద్దకు వచ్చింది. ఆ రెండు మెట్లలో మనం ఒకటి ఎక్కి ఆగాం.

బీమా కార్డులు పంచే బదులు ఆ డబ్బును నిలోఫర్, కేజీహెచ్ లాంటి ప్రభుత్వ ఆసుపత్రులకు, జిల్లా శిశు సంరక్షణ కేంద్రాలకు పెట్టాలన్నది మరో వాదం. అందులో బలముంది. మంచం లేని చోట కార్డు ఏం చేసుకోను? అయితే నవజాత శిశు వైద్యం ఇప్పటికే పెద్దఎత్తున ప్రైవేటు చేతుల్లో ఉంది. దేశంలో మొత్తం ఆరోగ్య వ్యయంలో 39 శాతానికి పైగా జనం జేబులోంచే పోతోందని 2021-22 జాతీయ ఆరోగ్య ఖాతాలు చెబుతున్నాయి. కొత్త ఇంక్యుబేటర్లు వచ్చేదాకా ఈ ఏడాది పుట్టే పిల్లలను ఆగమనలేం. రెండూ సాగాలి. ఖర్చుకూ జడవనక్కర్లేదు. పేద ఇళ్ల పిల్లలకు ఇప్పటికే ఆరోగ్యశ్రీ తరహా ట్రస్టులు చెల్లిస్తున్నాయి. కొత్తగా చేరేది మిగిలిన ఇళ్ల శిశువులే.

దారి కూడా కొత్తగా వేయాల్సిన పని లేదు. జననాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయాలని చట్టం చెబుతోంది. మన బారసాల లెక్క కూడా అదే! 2023లో సవరించిన చట్టం జనన ధ్రువపత్రాన్ని బడిలో చేరడం నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి ఆధారంగా నిలబెట్టింది. అదే పత్రం సంఖ్యతో ప్రతి బిడ్డకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా తొలి ఏడాది రక్షణ మొదలుపెట్టి, తర్వాత ఆరేళ్లకు, ఆపై 18 ఏళ్లకు పెంచవచ్చు. 2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఆమోదించిన సార్వత్రిక ఆరోగ్య విధానం పేద, ధనిక తేడా లేకుండా కుటుంబాలన్నిటికీ రూ.2.5 లక్షల బీమా ఇస్తామంటోంది. శిశువు పేరు కార్డులో ఎక్కినా ఎక్కకపోయినా పుట్టిన క్షణం నుంచి వర్తిస్తుందని దాని నిబంధనల్లో ఒక్క వాక్యం రాస్తే తెలంగాణకూ దారి దొరుకుతుంది. ఇంకా పిల్లల్ని కనండని పిలుపునిస్తూ, స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధన కూడా ఎత్తేసిన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ పుట్టిన పిల్లల బిల్లు సంగతీ పట్టించుకోవాలి. ఐఆర్‌డీఏఐ జర్మనీ నియమాన్ని యథాతథంగా తేవచ్చు. బాహ్య, అంతర్గత విభజనను కనీసం ఆరేళ్లలోపు పిల్లలకు రద్దు చేయాలి. కుటుంబ నిర్వచనంలో మనవళ్లు, మనవరాళ్లను చేర్చాలి.

అవన్నీ జరిగేలోగా తల్లిదండ్రులు మరవకూడనివి కొన్ని. ఆఫీసు గ్రూపు పాలసీ ఉంటే బిడ్డ పుట్టగానే హెచ్ఆర్‌కు రాతపూర్వకంగా తెలపండి. చాలాచోట్ల గడువు 30 రోజులే. ఉద్యోగం మానేస్తుంటే, అదే కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారే అవకాశాన్ని ఆఖరి పనిదినానికి ముందే అడగండి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలున్న పిల్లలకు కేంద్ర ప్రభుత్వ నేషనల్ ట్రస్టు నడిపే ‘నిరామయ’ పథకంలో వైద్య పరీక్షలేవీ లేకుండానే ఏడాదికి లక్ష రూపాయల వరకు రక్షణ ఉంది. థెరపీ ఖర్చులూ అందులో వస్తాయి. క్లెయిమ్ తిరస్కరిస్తే కారణం రాతలో తీసుకోండి. కంపెనీకి చేసిన ఫిర్యాదుతో పని జరగకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. అందుకు లాయరు అక్కర్లేదు, ఫీజు లేదు.